ఎవరి దగ్గర కొన్నావమ్మా?

(పామర్రులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తిహక్కు గురించో, గృహహింస చట్టం గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. నేను ఈ రోజు కుట్టు మిషను వారంటీ గురించి మాట్లాడదలచుకున్నాను. ఇది కూడా హక్కుల సమస్యేనా అని కొందరికి అనిపించవచ్చు. సంఘంలో అప్పు తీసుకుని కొన్న మిషను నాలుగు నెలలకే ఆగిపోతే, మిషనుతో పాటు అప్పు వాయిదా ఆగదు కదా. పెళ్ళిళ్ళ రోజుల్లో ఒప్పుకున్న జాకెట్లు పక్క వీధికి పోతాయి. ఒకసారి పోయిన గిరాకీ తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో మీలో కుట్టుపని చేసేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

పామర్రు రోడ్ల కూడలి. ఒకవైపు బందరు, ఒకవైపు విజయవాడ, ఇటు గుడివాడ, అటు చల్లపల్లి మీదుగా దివిసీమ. మిషను కావాలంటే ఏ బందరుకో గుడివాడకో వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. షాపు యజమాని ముఖం తెలుసు, పాడైతే ఎవరిని అడగాలో తెలుసు. ఇప్పుడు ఫోనులో చూసి నొక్కితే ఇంటికే వస్తోంది, పైగా వెయ్యో రెండు వేలో తక్కువకి. వెయ్యి రూపాయలంటే ఎన్ని జాకెట్ల కూలో లెక్క వేసుకోండి. తక్కువకి వస్తుంటే కొనుక్కోవడం తెలివితక్కువతనం కాదు. ఈ మాట ముందే ఎందుకంటున్నానంటే, మిషను ఆగిన రోజున ఇంట్లో వాళ్ళు అనే మొదటి మాట అదే కాబట్టి.

ఈ చుట్టుపక్కలే ఒక ఊళ్ళో కుట్టుపని చేసుకునే ఒకామె నాకు చెప్పిన విషయం ఇది. మిషను మోటారు కాలిపోయింది. సర్వీసు సెంటరుకి తీసుకెళితే, “ఎవరి దగ్గర కొన్నావమ్మా?” అన్నారట. బిల్లు మీద ఎక్కడో ఉత్తరాదిలో ఉన్న ఒక అమ్మకందారు పేరుంది. అతను మా అధీకృత డీలరు కాడు, కాబట్టి వారంటీ వర్తించదు అన్నారు. అమ్మకందారుకి ఫోను చేస్తే ఎత్తడు. కొన్న వేదికవాళ్ళు తిరిగిచ్చే గడువు అయిపోయిందన్నారు. ఆమె చేతిలో వారంటీ కార్డుంది, దాని మీద కంపెనీ పేరుంది, కానీ డీలరు ముద్ర వేయాల్సిన గడి ఖాళీ. భర్త, “చవకని ఎగబడితే ఇంతే” అన్నాడట. అదే ఇంట్లో అతను అదే ఫోనులో కొన్న టీవీ గురించి ఆ మాట ఎవరూ అనలేదు.

ఇది కుట్టు మిషన్లకే పరిమితమైన సంగతి కాదు. సముద్రం అడుగుకి వెళ్ళేవాళ్ళు వాడే స్కూబా పరికరాల కంపెనీల్లో కూడా కొన్ని, తమ డీలరు దగ్గర కొంటేనే వారంటీ అంటాయి. ఊపిరి అందించే పరికరం, భద్రత ముఖ్యం అని వాళ్ళు చెప్పే కారణంలో కొంత న్యాయం ఉందనుకుందాం. జాకెట్ కుట్టే మిషనుకి ఆ కారణం ఎంతవరకు సరిపోతుంది? డీలర్లు ఒకరికొకరు ధర తగ్గించుకోకుండా చూడడం కూడా ఇందులో ఒక ప్రయోజనమేనని నా అభిప్రాయం.

మన దేశంలో ఈ వివాదం చాలా మెట్లెక్కింది. 2012లో శామ్‌సంగ్ ప్రింటర్లను బయటి దేశాల నుంచి తెచ్చి అమ్మే వ్యాపారుల కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి, అసలు సరుకునే తెచ్చి అమ్ముతున్నారు గనక అమ్ముకోవచ్చు అంది. అయితే కంపెనీ వారంటీ దీనికి లేదని, మరమ్మతు బాధ్యత తమదేనని కొనేవాళ్ళకు కనబడేలా షాపులో రాసిపెట్టాలంది. ఈ షరతు నాకు చాలా నచ్చింది. 2014లో శాన్‌డిస్క్ మీద వచ్చిన ఫిర్యాదులో కాంపిటీషన్ కమిషన్, తన డీలర్ల ద్వారానే అమ్మాలని కంపెనీ పట్టుబట్టడం దానంతట అది తప్పు కాదంది. స్నాప్‌డీల్‌లో కొన్న వస్తువులకు వారంటీ ఇవ్వబోమని ప్రకటించిన కాఫ్ కంపెనీ కేసు కూడా 2019లో కంపెనీకి అనుకూలంగానే ముగిసింది. అదే 2019లో, ఇండియాలోని అధీకృత డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొన్న ప్రాసెసర్లకే ఇక్కడ వారంటీ అన్న ఇంటెల్ నియమం మీద మాత్రం దర్యాప్తుకి ఆదేశించింది. అంటే కంపెనీ అలా అనడానికి వీల్లేదని మనం గట్టిగా చెప్పలేం. కొన్నిచోట్ల అనవచ్చు.

కానీ మన ఫిర్యాదు అక్కడితో ఆగిపోవాల్సిన పని లేదు. వారంటీ కార్డు అనేది కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట. అది పోయినా, అమ్మినవాడి మీద చట్టం పెట్టిన బాధ్యత పోదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారమే, ఏ పనికి కావాలో చెప్పి వ్యాపారిని నమ్మి కొంటే వస్తువు ఆ పనికి పనికిరావాలి. 2020 ఈ-కామర్స్ నియమాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఏ వారంటీ ఉందో అమ్మకందారు ముందే చెప్పాలి. అమ్మకందారు పేరు, చిరునామా, ఫోను నంబరు వేదిక మనకు కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెల లోపల పరిష్కరించాలి. “కంపెనీ వారంటీ” అని రాసి అమ్మి, అది లేదని తేలితే, ఆ రాత అబద్ధం. మన కేసు ఆ రాత మీద నిలబడుతుంది.

ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయానికి వస్తాను. వారంటీ కార్డుల్లో తరచు కనబడే ఒక వాక్యం ఉంది: ఇంటి వాడకానికి మాత్రమే, వ్యాపారానికి వాడితే వారంటీ చెల్లదు. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని పక్కింటివాళ్ళ బట్టలు కుడితే అది ఇంటి వాడకమా, వ్యాపారమా? కూలి లెక్క దగ్గర మన పనిని ఇంటిపని అంటారు, ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునేది అంటారు. వారంటీ లెక్క దగ్గరికి వచ్చేసరికి అదే పని వ్యాపారమైపోతుంది! రెండు చోట్లా నష్టం మనకే.

వినియోగదారుల చట్టం మాత్రం ఇక్కడ మనవైపు ఉంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వస్తువు వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని 1993 సవరణలో వివరణ చేర్చారు, 2019 చట్టంలోనూ అది ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, ఒకరిద్దరిని సాయంగా పెట్టుకున్నా ఆ వ్యక్తి వినియోగదారే అంది. కొన్న యంత్రాన్ని పూర్తిగా ఇతరులతోనే నడిపిస్తే మాత్రం కాదంది. అందుకే సంఘం తరఫున అయిదారు మిషన్లు కొనేటప్పుడు ఎవరి మిషను బిల్లు వాళ్ళ పేరు మీదే తీసుకోండి. (ఇంగ్లీషు చట్టంలో ఆ వ్యక్తి మగవాడే. మిషను తొక్కేది మనమైనా సర్వనామం వాళ్ళది.)

బిల్లు భర్త పేరునో కొడుకు పేరునో ఉందని చాలామంది వెనక్కి తగ్గుతారు, ఎందుకంటే ఫోను వాళ్ళది. తగ్గనక్కరలేదు. కొన్న మనిషి అనుమతితో వాడుకునేవాళ్ళు కూడా 2019 చట్టం నిర్వచనంలో వినియోగదారులే. మిషను వాడేది మీరైతే ఫిర్యాదు మీరే చేయవచ్చు.

ఉత్తరాదిలో ఉన్న అమ్మకందారు మీద కేసు వేయడానికి అక్కడికి వెళ్ళాలా? అక్కరలేదు. మీరు నివసించే చోటే వేయవచ్చు. మనకు మచిలీపట్నంలో జిల్లా కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకి ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ముందుగా 1915 నంబరుకి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని అక్కడే తేలిపోవచ్చు. కేసు వేస్తే అమ్మకందారునీ, వేదికనీ, కంపెనీనీ ముగ్గురినీ చేర్చండి. “మాది కాదు” అనేవాళ్ళు ఆ మాట ఒకే గదిలో, ఒకరి ముందు ఒకరు చెప్పాలి.

మోటారు షాకు కొట్టి మనిషికి గాయమైతే అది వేరే కథ. అక్కడ 2019 చట్టం తయారీదారు మీద పెట్టిన ఉత్పత్తి బాధ్యత వస్తుంది. డీలరు ఎవరన్న ప్రశ్నతో దాన్ని తప్పించుకోవడం అంత తేలిక కాదు.

2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. పనిముట్లకి 15,000 రూపాయలు ఈ-వోచరు రూపంలో ఇస్తారు. అలా తీసుకున్న మిషనుకైనా ముద్ర వేసిన కార్డు, సీరియల్ నంబరు ఉన్న బిల్లు అడగండి. ప్రభుత్వం ఇచ్చిందని ఊరుకోకండి.

ఫోనులో కొనేవాళ్ళు, ఆ వస్తువు పేజీని కొన్న రోజే ఫోటో తీసి దాచుకోండి, తర్వాత అది మారిపోవచ్చు. అమ్మకందారు పేరు కంపెనీ ఇచ్చిన డీలర్ల జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టకముందే కంపెనీ నంబరుకి ఫోను చేసి అడగండి. సర్వీసు సెంటరువాళ్ళు వారంటీ లేదంటే, ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మనండి. నోటిమాటగా కుదరదన్నవాళ్ళు కాగితం అడిగేసరికి కొంచెం మెత్తబడడం నేను చూశాను.

బిల్లులు, కార్డులు తెమ్మని మీ సంఘాలకు ముందే కబురు చేశాను. తెచ్చినవాళ్ళు ఇటు ముందుకి రండి, ఒక్కొక్కటీ తీసి చదువుదాం.