సాక్షి నోటి చమత్కారము

న్యాయస్థానమున నవ్వు పుట్టుట అరుదు కాదు. అది గ్రంథస్థమగుటయే అరుదు. మన కోర్టులలో సాక్షి వాఙ్మూలమును సాధారణముగా ప్రశ్నోత్తరములుగా గాక కథనముగా వ్రాసికొందురు. ప్లీడరుగారి గడుసు ప్రశ్నయు, సాక్షి పెడసరపు జవాబును కలిసి ఒక్క పొడి వాక్యముగా మిగులును. కనుకనే మన చమత్కారములు రికార్డులలో గాక బారురూములలో బ్రతుకుచున్నవి. వానిలో జరిగినవెన్నియో, అల్లినవెన్నియో తేల్చుటకు మరల సాక్షులను పిలువవలసినదే!

అందుచేత మేము లండను వ్యాజ్యములు రెండింటిని ఎన్నుకొన్నాము.

విస్లరు అను చిత్రకారుడు, తన చిత్రమును నిందించిన రస్కిను మీద తెచ్చిన పరువునష్టపు దావా 1878లో విచారణకు వచ్చినది. రెండు దినముల పనికి 200 గినీలా అని ప్రతివాది వకీలు ఎత్తిపొడిచినాడు. కాదు, జీవితమంతయు గడించిన జ్ఞానమునకు అని విస్లరు బదులు చెప్పినాడు. సభ చప్పట్లు కొట్టినది. జూరీ దావా గెలిపించి, పరిహారముగా ఒక్క ఫార్దింగు ఇప్పించినది. చప్పట్లు వకీలు ఫీజునకు చెల్లవు గదా! మరుసటి సంవత్సరమే ఆయన దివాలా తీసినాడు.

రెండవది ఆస్కారు వైల్డు కథ. 1895 ఏప్రిలులో తానే ఫిర్యాదియై బోనెక్కినాడు. క్రాసు పరీక్ష చేసిన కార్సను, డబ్లిను ట్రినిటీ కళాశాలలో ఆయనతో చదివినవాడే. వయస్సు 39 అని వైల్డు చెప్పగా, పుట్టిన తేదీ చూపి 40 దాటినదని కార్సను తేల్చినాడు. యువకుడనని చెప్పుకొను కోరిక తనకు లేదని వైల్డు తప్పించుకొన్నాడు. అటుపిమ్మట ప్రతి ప్రశ్నకు ఒక విసురు. ప్రతి విసురునకు సభలో నవ్వు. కార్సను మాత్రము నవ్వక అడుగుచునే పోయినాడు. ఒక కుర్రవానిని ఎన్నడైన ముద్దిడితిరా అని అడుగగా, లేదు, వాడు అందగాడు కాడని వైల్డు అనినాడు. "లేదు" అని ఊరకున్న సరిపోయెడిది. వాని అందము ఊసెందుకు వచ్చినదని కార్సను మరల మరల గుచ్చి అడిగినాడు. అంతటి వాక్చతురుడు తడబడినాడు, కన్నీటి పర్యంతమైనాడు.

ఏప్రిలు 5న ఫిర్యాదు విరమించుకొన్నారు. ఆ దినముననే వైల్డును నిర్బంధించినారు. మే 25న, ఆనాటి శాసనము ననుసరించి, రెండేండ్ల కఠిన శిక్ష పడినది.