పనిపై మమకారం



ఈ దేశంలో పుట్టి పెరిగిన యువతీయువకులారా! గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు 1946లో కేంబ్రిడ్జికి వచ్చారు. సూడాన్‌లో త్రవ్వి తీసిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను అక్కడి మానవశాస్త్ర ప్రదర్శనశాలలో విశ్లేషించడం ఆయనకు అప్పగించిన పని. లెక్క ముగించి ఊరుకోవచ్చును, ఆయన ఊరుకోలేదు. రెండు సమూహాలకు ఉద్దేశించిన ఫిషర్ వర్గీకరణ పద్ధతిని అనేక సమూహాలకు విస్తరింపజేశారు. ఆ ఫిషర్ పర్యవేక్షణలోనే 1948లో డాక్టరేటు పొందారు.

పనిని తనదనుకున్నవానికి అందులోని లోటు కంటిలో నలుసువలె బాధిస్తుంది. ఆ బాధనుండే నూతన మార్గం పుడుతుంది. మా తరంవారం లోటు కనబడినా, ఉద్యోగానికి భయపడి నోరు మెదపలేదు. ఆసుపత్రిలో గాని, బ్యాంకులో గాని, మీరు దానిని దాచకండి. పై అధికారుల ముందుంచండి. రేపు మీరే అధికారులైననాడు, అటువంటి మాటకు చెవి ఒగ్గండి.

స్వస్తి.