పేరు – పనితనము

వస్తువునకు పేరు పెట్టుట స్వల్ప విషయము కాదు. పేరు వినగానే మన మనస్సులో ఒక రూపము ఏర్పడును. వస్తువును చూచుట తరువాతి మాట. కంప్యూటరు ప్రోగ్రాములను, అనగా సాఫ్ట్‌వేరును, అమ్మెడివారికి ఈ సంగతి బాగుగా తెలియును.

నేడు ఇంటింట వినిపించు "కృత్రిమ మేధ" అను మాటనే తీసికొందము. 1955లో అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు జాన్ మెకార్థీ మరి మువ్వురితో కలిసి, డార్ట్‌మత్ కళాశాలలో మరుసటి వేసవిని జరుపదలచిన పరిశోధనకు నిధులు కోరుచు వ్రాసిన పత్రములో ఆంగ్లమున ఈ పేరు వాడెను. నాడది ఒక ఆశయమునకు పేరు. నేడది అంగడి సరకు మీది ముద్ర.

ఆశయమును సరకుగా భావించుట నాటినుండియు ఉన్నదే. 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ రూపొందించిన "పర్సెప్ట్రాన్"ను అమెరికా నౌకాదళము ప్రదర్శించినది. 50 మారులు ప్రయత్నించిన పిమ్మట అది కుడియెడమలను వేరుపరచ నేర్చినది. పత్రికలో మాత్రము, అట్టి యంత్రము ముందు ముందు నడచును, మాటలాడును, తన ఉనికిని తానెరుగును అని నౌకాదళము ఆశించుచున్నట్లు వచ్చినది.

మన ప్రశ్నలకు జవాబులు వ్రాయు నేటి ప్రోగ్రాము, అపారమైన వ్రాతలనుండి గ్రహించిన పోకడలను బట్టి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుటకు వీలెక్కువో లెక్కగట్టును. ఆ పని అద్భుతమే, కాదనము. కాని "ఆలోచించును", "అర్థము చేసికొనును" అన్నంతనే మనము దానిని వైద్యునివలె, ప్లీడరువలె నమ్మసాగుదుము. లేని గ్రంథమును ఉన్నదని అది చెప్పినపుడు, దానిని తప్పు అనక "భ్రాంతి" అందురు. ఒప్పయిన మేధ, తప్పయిన భ్రాంతి!

ఈ మాటలవలన నష్టము కలుగవచ్చును. తన సేవను "ప్రపంచమున తొలి యంత్ర న్యాయవాది" అని చాటుకొన్న ఒక అమెరికా సంస్థపై 2024లో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసికొన్నది. ఆ ప్రోగ్రాము పని న్యాయవాది పనికి సాటివచ్చునా అని సంస్థ పరీక్షింపనేలేదని కమిషన్ అభియోగము. సంస్థ 1,93,000 డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది.

కనుక ప్రకటన విన్నపుడు బిరుదులను తొలగించి పనిని చూడవలెను. ఇది చేయునదేమి? పరీక్షించినవారెవరు? తప్పు జరిగినచో నష్టము భరించునదెవరు? "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్న సామెత ఊరు చూచి వచ్చినవారు చెప్పినది. మనమును ఊరు చూచిన పిమ్మటనే పేరును నమ్ముదము.