విరిగిన వేలు – కట్టు విప్పాక ఉండే పని
(మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున మాట్లాడిన మాటలు)

పొదుపు లెక్కలు ఇందాకే విన్నారు. మేము ఒక్క వేలు గురించి మాట్లాడతాం. నవ్వకండి, ఆ వేలు వల్ల ఒక సంఘంలో నాలుగు కిస్తీలు ఆగాయి.

మన కుట్టుమిషను అక్కకి పోయినేడు ఇనుప తలుపు సందులో పడి కుడిచేతి ఉంగరం వేలు విరిగింది. ఆసుపత్రిలో రేకు పెట్టి కట్టు కట్టారు, 3 వారాలకి మళ్ళీ రమ్మన్నారు. వెళ్తానంటే వద్దన్నది మేమే. "ఇంకా అతికుండదు, కదిపావంటే మళ్ళీ విరుగుద్ది, ఇంకో నెల ఉంచుకో" అని మీటింగులో తలా ఒక మాట అన్నాం. మంచికే అన్నాం. 2 నెలలకి కట్టు విప్పితే ఎముక అతికింది గానీ వేలు కర్రలా బిగుసుకుంది. పక్క వేళ్ళు కూడా సగమే ముడుచుకున్నాయి. కత్తెర పట్టలేకపోయింది. బడి యూనిఫాంల పని చేజారింది.

తర్వాత ఫిజియోథెరపీ మేడం చెప్తే తెలిసింది. వేలిని ముడిచే, చాచే తాళ్ళలాంటి నరాలు ఎముకని ఆనుకునే జారుతుంటాయి. వాపు ఉండి కదలిక లేకపోతే అవి అక్కడే అతుక్కుపోతాయి. కీలు చుట్టూ ఉన్న పొర బిగుస్తుంది, నడిమి కీలుకైతే మరీను. అందుకే చాలా విరుపులకి 3, 4 వారాల నుంచే మెల్లగా కదిలించమంటారు.

అలాగని అందరికీ ఒకటే లెక్క కాదు. దెబ్బకి వేలి కొస వాలిపోయి లేవకుంటే, ఆ కొస కీలుని 6 నుంచి 8 వారాలు చాచే ఉంచాలి, స్నానం చేసేటప్పుడు కూడా వంగనివ్వకూడదు. కాబట్టి కట్టు కట్టిన రోజే డాక్టరుని అడగండి: ఎప్పటి నుంచి కదపాలి, ఏ కీలు కదపకూడదు?

దెబ్బ తగలగానే ఉంగరం తీసెయ్యాలి, వాచాక రాదు. మొదటి రోజుల్లో చెయ్యి గుండెకన్నా ఎత్తులో పెట్టుకోవాలి. కట్టులో లేని వేళ్ళనీ, మోచేతినీ, భుజాన్నీ ఆడిస్తూనే ఉండాలి. కట్టు కింద వేలు నల్లబడినా, మొద్దుబారినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కదపమన్నాక అక్క చేసిందిదీ. గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి పెట్టి, ముందు వేళ్ళన్నీ చాచేది. తర్వాత కొక్కెంలా వంచేది, ఆపైన పిడికిలి. రెండో చేత్తో వేలి మొదలు పట్టుకుని నడిమి కీలొక్కటే వంచేది. ఒక్కోటి 10 సార్లు, రోజుకి నాలుగైదు మార్లు. కొంచెం లాగినట్టుంటే పర్లేదు. మర్నాటికి వాపు పెరిగితే తగ్గించుకోవాలి. ఎముక గట్టిపడిందని డాక్టరు చెప్పాకే చపాతీ పిండి నొక్కడం, బట్టలు పిండడం. నూనె రాసి లాగించుకోమని కూడా మేమే సలహా ఇచ్చాం. ఆ మేడం మా మీద కేకలేసింది. బలవంతంగా లాగితే వాపు పెరిగి ఇంకా బిగుస్తుందట.

అక్క కిస్తీలు సంఘం సర్దుబాటు చేసింది. చేసిన తప్పులో మాకూ వాటా ఉంది కదా. ఇప్పుడు కత్తెర పడుతోంది. ఉంగరం వేలు అరచేతిని తాకడానికి ఇంకా ఒక గోరంత దూరం. మూడో వరసలో కూర్చుంది, భోజనాలప్పుడు అడిగితే ఆ చెయ్యి పెట్టి చూపిస్తుంది.