ధ్వనిముద్రణ: మూలప్రతి, వాడుకప్రతి

అమ్మమ్మ పాడిన పెండ్లిపాటలో, తాతగారి కంఠమో నిలిచియున్న పాత క్యాసెట్లు మన ఇండ్లలో ఇంకను కలవు. టేపు కాలక్రమమున క్షీణించును గనుక దానిని కంప్యూటరులోని కెక్కించుట మంచిది. అయితే ఏ రూపమున దాచవలెను?

1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు పద్ధతిలో శబ్దతరంగమును సెకనుకు 44,100 మారులు కొలిచి సంఖ్యలుగా వ్రాయుదురు. స్టీరియోలో నిమిషమునకు సుమారు 1 కోటి 6 లక్షల బైట్లగును. దీనిని కుదించుటకు రెండు మార్గములు కలవు.

మొదటిది ఎం.పీ.3. పెద్దధ్వని చెంతనున్న సన్నని ధ్వనిని చెవి గ్రహింపలేదు. అట్లు వినబడదని తోచినదానిని ఇది విసర్జించును. సెకనుకు 128 వేల బిట్ల చొప్పున చేసినచో పరిమాణము పదునొకండవ వంతునకు దిగును. కాని విడిచినది మరల రాదు.

రెండవది 2001లో వెలువడిన ఫ్లాక్. ఇది దేనిని విడువదు. ముందు వచ్చిన సంఖ్యలనుబట్టి ఊహింపదగినదానిని క్లుప్తముగా వ్రాసికొనును. పరిమాణము తరచు సగమునకు దగ్గరగా తగ్గును. విప్పినపుడు ప్రతి బిట్టును యథాతథముగా వచ్చును.

ప్రయాణములో వినుటకు ఎం.పీ.3 చాలును, బిట్ల సంఖ్య తగినంత ఉన్నచో పెక్కుమంది భేదము గుర్తింపజాలరు. కాని టేపులోని బుసను రేపు తొలగింపదలచినవారికి కొరతలేని ప్రతి కావలెను. ఎం.పీ.3ని దిద్ది మరల ఎం.పీ.3గా చేసినకొలది నష్టము పెరుగును. దానిని ఫ్లాక్‌గా మార్చినను పోయినది తిరిగి రాదు.

రైతు విత్తనపు వడ్లను దంపి వండుకొనడు. అట్లే మూలప్రతిని ఫ్లాక్‌లో రెండు చోట్ల దాచి, బంధువులకు పంచుటకు దానినుండియే చిన్నప్రతులు తీయుడు.