రాత్రి రెండు గంటల కరెంటు

(మొగల్తూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"విద్యుత్ గ్రిడ్ - పర్యావరణం" గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. సబ్‌స్టేషన్‌లో పనిచేసినవాణ్ణి గనుక నాకు తెలిసిన మీటరుతోనే మొదలుపెడతాను.

గ్రిడ్‌కు ఫ్రీక్వెన్సీయే నాడి. సెకనుకు 50 సైకిల్స్ ఉండాలి. 1990 దశకంలో దక్షిణాది గ్రిడ్‌లో అది 48కి దిగడం మాకు వింత కాదు. ఫీడర్లు కట్ చేసి గండం గడుపుకొనేవాళ్లం. 2003 జనవరి 1 నుండి ఫ్రీక్వెన్సీని బట్టి ధర మారే పద్ధతి మన దక్షిణాదికి వచ్చింది. లోటు వేళ అదనంగా లాగిన రాష్ట్రం ఎక్కువ రేటు కట్టాలి. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ముల్లు కుదుటపడింది! 2012 జూలైలో ఉత్తరాది, తూర్పు గ్రిడ్లు కూలినప్పుడు మన గ్రిడ్ విడిగా ఉండబట్టి మన దీపాలు ఆరలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

ఇక పర్యావరణం. సౌరవిద్యుత్తు ఎన్ని మెగావాట్లు కలిసిందో లెక్కలు చెబుతారు. సంతోషమే. మన మొగల్తూరు వాళ్లం అడగవలసింది మాత్రం రాత్రి సంగతి. మన చుట్టూ రొయ్యల చెరువులు. పగలు నీటిలోని నాచు ఎండకు ప్రాణవాయువునిస్తుంది. రాత్రయితే ఆ నాచు, రొయ్య, అడుగు మడ్డి అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. తెల్లవారుజాముకు మరీ తగ్గిపోతుంది. అందుకే రాత్రిళ్లు ఏరియేటర్లు తిరగాలి. కరెంటు పోతే రైతు పరుగున వెళ్లి డీజిల్ జనరేటరు వేయాలి. ఆలస్యమైతే తెల్లారేసరికి పంటంతా పోయినట్టే. వరి పంపుసెట్టుకు పగలు తొమ్మిది గంటలు చాలు గనుక సౌరవిద్యుత్తు దానికి చక్కగా అమరింది. రొయ్యకు ఆ వెసులుబాటు లేదు.

కనుక రాత్రి రెండు గంటలకు మనం వాడే కరెంటు చాలావరకు బొగ్గుదే. గాలి, నీరు బాగున్న రోజుల్లో కొంత ఊరట. పగటి ఎండను రాత్రికి దాచగలిగితేనే గ్రిడ్ పచ్చబడినట్టు. అందుకే ఎగువ సీలేరులో పగలు నీటిని పైకి తోడి, అవసరమైన వేళ కిందికి వదిలే 1350 మెగావాట్ల పథకాన్ని జెన్‌కో తలపెట్టింది. నాలుగు యూనిట్లు పెట్టి తోడితే ఇంచుమించు మూడు తిరిగొస్తాయి. ఆ ఒక్కటీ దాచుకున్నందుకు అద్దె అనుకోండి.

మన చేతిలో ఉన్న పని ఒకటుంది. తీగలో కరెంటు రెట్టింపైతే నష్టం నాలుగు రెట్లవుతుంది. సముద్రం ఒడ్డున, లైను చివర ఉన్నవాళ్లం. లోవోల్టేజీ బాధ మనకు తెలియంది కాదు. ఏరియేటరు మోటారుకు సరైన కెపాసిటరు బిగిస్తే అది లాగే కరెంటు తగ్గుతుంది, తీగ వేడీ తగ్గుతుంది. చెరువులున్న మన పిల్లలకు ఈ మాట చెప్పండి. ఏ మోటారుకు ఎంత కెపాసిటరు కావాలో సందేహముంటే భోజనాలయ్యాక నేనిక్కడే ఉంటాను, మోటారు మీది రేకు వివరాలు రాసుకుని రండి.