పులిత్రేపులకు శస్త్రచికిత్స – ఆమాశయపు నడక



గుండెమంట, పులిత్రేపులు అని మన మనుకొను బాధను పూర్వవైద్యులు అమ్లపిత్తమనిరి. బోరబండలో మా వీథి వృద్ధులలో దీని నెఱుగనివా రరుదు. హైటెక్ సిటీ కొలువులనుండి కుమారులు ప్రొద్దుపోయి వచ్చువఱకు వేచి భుజించి, వెంటనే పండుకొనుటయు నొక కారణమే. మందులతో విసిగినవారికి శస్త్రచికిత్స మాట చెవిని బడును. “చుట్టి కుట్టిన పిదప అన్నము లోపలనే నిలిచిపోవునా?” అని నన్నడిగినవారు కలరు. నేను వైద్యుడను గాను. చదివియు, వైద్యులవలన వినియు నెఱిగినదే చెప్పెదను.

అన్నవాహిక ఆమాశయముతో గలియుచోట కండరపు బిగువొకటి కలదు. అది సడలినచో ఆమ్లము పైకెగయును. రుడాల్ఫ్ నిస్సెన్ అను శస్త్రవైద్యుడు 1956లో ప్రకటించిన పద్ధతియందు, ఆమాశయపు పైభాగమును అన్నవాహిక తుదకు తలపాగవలె చుట్టి కుట్టుదురు. 1991 మొదలు ఇది చిన్నరంధ్రములగుండ దుర్భిణి సాయమున జరుగుచున్నది.

ఆమాశయపు పైభాగము గాదెవంటిది. భుజించునపుడు సడలి అన్నమునకు చోటిచ్చును. క్రిందిభాగము తిరుగలివలె నలిపి, కొంచెము కొంచెముగా ప్రేగులలోనికి విడుచును. గాదెలో కొంతభాగము చుట్టునకు పోవుటచే ఆ సడలిక తగ్గును, ఒత్తిడి హెచ్చును. కావున పెక్కుమందికి అన్నము మునుపటికంటె శీఘ్రముగనే దిగును! నిలిచిపోవునని భయపడువారి కిది వింతగా దోచును గాని నిజము. కొందఱికి మఱీ వడిగా దిగి, భోజనానంతరము చెమట, గుండెదడ, విరేచనము కలుగును. తీపి తిన్నచో నధికము.

దీనికి విపరీతమును కలదు. అన్నవాహిక నంటియే వేగస్ నాడి దిగుచున్నది. తిరుగలికి ఆజ్ఞ తెచ్చున దదియే. శస్త్రమున దానికి దెబ్బ తగిలినచో అన్నము నిలుచును, వమనమగును. ఇది అరుదు. త్రేపురాక కడుపుబ్బరించుట యన్ననో, తఱచు. కడుపుబ్బినంతమాత్రమున అన్నము దిగలేదని నిశ్చయింపరాదు. చుట్టు బిగువుచే గాలి పైకి రాకపోవుటయు కావచ్చును. మన ఊళ్లలో రెంటికిని వామునీళ్లే మందు!

భేదము తెలియుటకు పరీక్ష యున్నది. అత్యల్పమాత్రమున టెక్నీషియము కలిపిన ఆహారమిచ్చి, కెమెరాతో ఆమాశయమును చూతురు. మన దేశమున ఇడ్లీతోను చేయుదురు. నాలుగుగంటల పిదప 10 శాతమునకు మించి మిగిలినచో మందగతి యని నిర్ణయము.

ఏండ్లతరబడి మధుమేహమున్న వారికి ఆమాశయపు నాడులు ముందే బలహీనపడి యుండవచ్చును. రాత్రి తిన్నది ప్రొద్దున వమనమగువారు, నాలుగు ముద్దలకే కడుపు నిండువారు, శస్త్రమునకు ఒప్పుకొనకమునుపే ఈ సంగతి వైద్యునితో విప్పి చెప్పవలెను. మా వీథిలో ఇట్టి పెద్దమనిషి యొకరు పులిత్రేపుల సంగతి మాత్రమే చెప్పి, వమనముల సంగతి సిగ్గుచే దాచిరి. ఆయన కోడలు చెప్పినపిదప వైద్యులు పరీక్ష చేయించి, శస్త్రము నాపి, ముందు ఆ మందగతికి మందిచ్చిరి.